పూటకూళ్లవాని పేరు మీరెరుగుదురా?



మంచి సమరయుని కథ మన సంఘములలో ఎరుగనివారు లేరు. ఆదివారపు బడికి వచ్చు చిన్నపిల్లలు సైతము దానిని పొల్లుపోకుండ చెప్పుదురు. యాజకుడు తప్పుకొని పోయెను. లేవీయుడు తప్పుకొని పోయెను. సమరయుడు నిలిచి, జాలిపడి, గాయములకు కట్టు కట్టెను. ఇంతవరకు చెప్పి మనము ఆమేన్ అందుము. కాని ప్రభువు కథను అక్కడ ఆపలేదు. ఆ సమరయుడు దెబ్బలు తిన్నవానిని దారిలోని పూటకూళ్ల యింట చేర్చెను. ఆ రాత్రి కనిపెట్టుకొని యుండెను. మరునాడు సొంత డబ్బు తీసి యిచ్చి, రోగిని ఆ యింటివాని చేతికి అప్పగించెను. తిరిగి వచ్చునప్పుడు మిగిలిన లెక్క తీర్చెదనని మాట యిచ్చి పోయెను.

గమనించుడి. అతడు సమస్తమును తానే చేయగలనని అనుకొనలేదు. తన చేతనైనంత చేసెను. చేతకాని చోట చేతనైనవానికి అప్పగించెను. అప్పగించి చేతులు దులుపుకొనక ఖర్చు తన నెత్తిన వేసికొనెను. ఆ అప్పగింత లేనియెడల అతని ప్రేమ సగము దారిలోనే నిలిచిపోయెడిది.

ఈ నెల నేను మిమ్మును అడుగునది ఒక్కటే ప్రశ్న. మీ ఊరికి దగ్గరనున్న పూటకూళ్లవాని పేరు మీరెరుగుదురా?

అవనిగడ్డ మొదలుకొని కైకలూరు వరకు కాలువగట్ల వెంబడి ఏ సంఘములోనైనను అడిగి చూడుడి. పాము కరచినయెడల ఏ ఆసుపత్రికి పోవలెనో చెప్పుదురు. ఎముక విరిగినయెడల ఎవరియొద్దకు పోవలెనో చెప్పుదురు. జ్వరమునకు ఊరిలోని ఆర్.ఎం.పి. ఉన్నాడు. అయితే కాన్పయిన కోడలు రెండు నెలలుగా గోడవైపు తిరిగి పండుకొని, బిడ్డను ఎత్తుకొనకున్నయెడల ఎవరియొద్దకు పోవలెను? రొయ్యల చెరువు దెబ్బతిని, కౌలు డబ్బు కట్టలేక, కొట్టములోని పురుగుల మందు డబ్బా వైపు చూచుచున్న కుర్రవానిని ఎవరికి చూపవలెను? త్రాగి వచ్చి కొట్టు భర్తకు భయపడి పిల్లలతో దొడ్డిలో పండుకొను సహోదరిని ఎవరి చేతికి అప్పగించవలెను? ఈ ప్రశ్నకు మన పెద్దలు తల వంచుకొందురు. లేనియెడల స్వస్థత కూటముల కరపత్రమొకటి చేతిలో పెట్టుదురు. ఇంతకంటె సిగ్గుచేటు మనకేమున్నది?

ఎవరీ సోషల్ వర్కరు?

మన డెల్టాలో పిల్లలను అమెరికాకు పంపని గ్రామము అరుదు. ఇంటిలో ఎవరికైన మనస్సు చెదరినదని విని ఆ పిల్లలు ఫోనులో చెప్పు మాట యిది: "అమ్మా, మీకు దగ్గరలో లైసెన్సు ఉన్న క్లినికల్ సోషల్ వర్కరు ఎవరైన ఉన్నారేమో కనుక్కోండి." తల్లికి ఆ మాట అర్థము కాదు. సోషల్ వర్కరనగా వరదలప్పుడు పులిహోర పొట్లములు పంచువారని, ఎన్నికలకు ముందు ఫ్లెక్సీలు కట్టించుకొనువారని ఆమె తలంపు.

అమెరికాలో ఆ పేరునకు వేరు అర్థమున్నది. అచ్చట ప్రతి రాష్ట్రము తన లైసెన్సు తాను ఇచ్చును. సోషల్ వర్కులో మాస్టర్సు డిగ్రీ చదివి, ఆ మీదట పెద్దల పర్యవేక్షణలో రమారమి రెండు మూడేండ్లు రోగులతో పనిచేసి, పరీక్ష నెగ్గినవారికే ఆ లైసెన్సు. తలుపు తట్టక ముందే వారి పేరు రాష్ట్రపు జాబితాలో ఉన్నదో లేదో ఎవరైనను చూచుకొనవచ్చును. తప్పు చేసినయెడల లైసెన్సు పోవును.

మన దేశములో ఆ పేరు అట్లే వాడుకలో లేదు. కాని ఆ పని ఉన్నది. ఆ పనికి చట్టమును ఉన్నది. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చెను. సైకియాట్రిక్ సోషల్ వర్కరు ఎవరో ఆ చట్టమే చెప్పుచున్నది: సోషల్ వర్కులో పీజీ చదివి, దాని మీద ఆసుపత్రి శిక్షణతో కూడిన రెండేండ్ల ఎం.ఫిల్. పూర్తిచేసినవారు. అట్టివారిని రిజిస్టరు చేసి, ఆ జాబితాను ప్రకటించు బాధ్యతను రాష్ట్రపు మానసిక ఆరోగ్య అథారిటీ మీద ఆ చట్టమే మోపెను. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టపు పట్టికలో క్లినికల్ సోషల్ వర్కరు, సైకియాట్రిక్ సోషల్ వర్కరు, మెడికల్ సోషల్ వర్కరు అను మూడు పేర్లును చేరినవి. కావున ఇది పరదేశపు వింత అని త్రోసివేయుటకు వీలులేదు.

మరి వారు చేయు పని ఏమి? డాక్టరు రోగమును చూచి మందు వ్రాయును. సోషల్ వర్కరు మందు వ్రాయడు, వ్రాయరాదు. ఆయన రోగి వెనుకనున్న ఇంటిని చూచును. ఆ కోడలు మాటలాడకుండుటకు కారణము కాన్పు తరువాతి వ్యాధి మాత్రమేనా, లేక మూడవసారియు ఆడపిల్ల పుట్టినదన్న అత్తగారి సూటిపోటి మాటలును కలిసినవా? ఆ కుర్రవానికి నిద్ర పట్టకుండుటకు వారము వారము వచ్చి వాకిట కూర్చుండు అప్పులవాడు కారణమా? మన జిల్లాకు ఈ సంగతి క్రొత్తది కాదు. 2006లో మన కృష్ణా జిల్లాలోనే సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి మీద గగ్గోలు లేచి, అధికారులు ఇంచుమించు 50 శాఖలను మూయించిరి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. మాత్ర మింగినంతనే అప్పు తీరదు. ప్రసంగము విన్నంతనే భర్త చేయి ఆగదు. ఇంటివారిని కూర్చుండబెట్టి మాటలాడుట, వేళకు మందు పడునట్లు చూచుట, అర్హత ఉన్నయెడల సదరం సర్టిఫికెట్టు తెప్పించుట, కొట్టబడుచున్న స్త్రీకి న్యాయసహాయము చూపుట, బాగుపడినవానిని మరల పనిలో పెట్టుట — ఇవన్నియు సోషల్ వర్కరు పనులు.

మన పెద్దలు చూపిన దారి

"ఇది లోకసంబంధమైన పద్ధతి, మనకెందుకు?" అనువారికి మన చరిత్రయే తెలియదు. భారతదేశములో సోషల్ వర్కు నేర్పుటకు మొదట తెరచిన బడి బొంబాయిలో 1936లో టాటా ట్రస్టు పక్షముగా వెలసెను. దానిని నడిపించినవాడు క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అను అమెరికా మిషనరీ. అంతకు పదేండ్ల ముందే, 1926లో, ఆయన నాగ్‌పాడా పేటలో కూలి జనుల మధ్య సేవాగృహమును స్థాపించెను. ఆ బడియే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్.

మన పెద్దలు నోరార స్మరించుకొను స్టాన్లీ జోన్స్ దొరగారు ఊరూర సువార్త చెప్పిన మనిషి. ప్రార్థన విలువ ఆయనకు తెలియదని ఎవరనగలరు? అట్టి మనిషి 1950లో లక్నోలో నూర్ మంజిల్ అను మానసిక చికిత్సాలయమును స్థాపించెను. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో మానసిక ఆరోగ్య కేంద్రమును తెరచిరి. రోగిని గోడల వెనుక పడవేసి పోవు కాలములో, ఇంటివారొకరు రోగితోకూడ వచ్చి ఉండి, అతనిని చూచుకొను విధము నేర్చుకొను పద్ధతిని అక్కడ పెట్టిరి. 1883లో అన్నా కుగ్లర్ దొరసానిగారు డాక్టరుగా గుంటూరు వచ్చినప్పుడు, ఆమె ఇచ్చిన మందు త్రాగుట అవిశ్వాసమని మన ముత్తవ్వలు అనలేదు. దేవుని చేయి అనిరి.

వారి సంగతి అటుంచుడి. మన పల్లెలలో బైబిలు స్త్రీలు తిరిగిన కాలము మన అమ్మమ్మలకు జ్ఞాపకమే గదా? చేతిలో సంచి, కాలికి దుమ్ము. ఏ యింట పొయ్యి వెలుగలేదో, ఏ కోడలి చేతి మీద వాత ఉన్నదో, ఏ ముసలమ్మ మూడు దినములనుండి మాటలాడలేదో ఆమెకు తెలియును. సోషల్ వర్కరు పనికి మన సంఘములో పునాది ఉండినది. ఇంటింటికి నడచు ఆ కాళ్లను మనము పోగొట్టుకొని, ఊరంతయు వినబడు మైకును సంపాదించుకొంటిమి.

నాలుగు సాకులు

మొదటి సాకు: "ప్రార్థన చాలును." ప్రార్థన చేయవద్దని ఎవరును అనుట లేదు. ఏలీయా సంగతి చూడుడి. బదరీచెట్టు క్రింద కూలబడి ఇక చావే మేలనుకొన్నవానికి దేవదూత ప్రసంగము చేయలేదు. విశ్వాసము తక్కువైనదని గద్దింపలేదు. కాల్చిన అప్పము పెట్టెను, నీళ్లు ఇచ్చెను, నిద్రపోనిచ్చెను; మరల లేపి మరల పెట్టెను. సన్నని స్వరము వినబడినది ఆ తరువాత, నలువది దినముల ప్రయాణమైన మీదట. మనమో అన్నము మాని, నిద్ర మాని, ఎముకల గూడైనవాని చేత మూడు దినములు ఉపవాసము చేయింతుము! యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా అతని ప్రక్కన కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచి, నీ పాపమే దీనికి కారణమనుట మొదలుపెట్టిన పిమ్మట దేవుని కోపమునకు గురియైరి. మన ఊరిలో అట్టి నోళ్లు ఎన్ని ఉన్నవో లెక్కింపుడి.

రెండవ సాకు: "ఇది దయ్యము." ఈ మాట వలన ఎంత నష్టము కలుగుచున్నదో చెప్పనలవి కాదు. ఒక దృష్టాంతము వినుడి. ఇరువది ఏండ్లుగా ప్రతి దినము సారా త్రాగినవాడు కూటములో కన్నీళ్లతో ప్రమాణము చేసి ఒక్కసారిగా మానును. అందరును స్తోత్రము చెప్పుదురు. రెండవ దినమో మూడవ దినమో చేతులు వణకును, ఒళ్లంత చెమట, గోడల మీద చీమలు, పాములు ప్రాకుచున్నవని కేకలు వేయును, ఫిట్స్ వచ్చును. దయ్యము తిరిగి వచ్చినదని చుట్టు చేరి అరచి, కట్టివేయుదురు. అది దయ్యము కాదు, సహోదరులారా. ఎక్కువగా త్రాగి అలవాటుపడిన శరీరము ఒక్కసారిగా మానినప్పుడు కలుగు ఉపద్రవమది. ఆసుపత్రిలో చేర్చినయెడల తగ్గును. చేర్చనియెడల ప్రాణము పోవచ్చును. మారుమనస్సు పొందినవాడు మన అజ్ఞానము చేత చచ్చుట న్యాయమా?

వేదిక మీద మాత్రల సీసాలు పారవేయించు ప్రసంగీకులను గూర్చి ఇంకను కఠినముగా చెప్పవలెను. మూర్ఛ మాత్రలు, మానసిక వ్యాధి మాత్రలు డాక్టరు చెప్పక ఒక్కసారిగా ఆపినయెడల వ్యాధి మునుపటికంటె గట్టిగా తిరుగబడగలదు. ఆ దినమున ఆ ప్రసంగీకుడు వేరొక ఊరిలో కానుకలు పట్టుచుండును. రాత్రివేళ ఆటో వెదకువాడు రోగి తండ్రి.

గొలుసుల సంగతియు వినుడి. 2001 ఆగస్టు 6వ తేదీని తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కొరకు తెచ్చి పాకలో గొలుసులతో కట్టియుంచిన మానసిక రోగులు నిప్పంటుకొన్నప్పుడు పారిపోలేకపోయిరి. 28 మంది చనిపోయిరి. అది ఏ మతమువారి స్థలమని అడుగవద్దు. మన ప్రార్థనా మందిరముల వెనుక గొలుసు ఉన్నదేమో చూచుకొనుడి. మానసిక రోగిని ఏ విధముగానైనను గొలుసులతో కట్టరాదని 2017 చట్టము నిషేధించుచున్నది. గెరాసేనుల దేశములో సేన పట్టినవానిని గొలుసులతో కట్టినవారు ఊరివారు. ప్రభువు కట్టలేదు. బాగుపడిన పిమ్మట ఆయన వానిని తన వెంట త్రిప్పుకొని సాక్ష్యము చెప్పించలేదు. నీ యింటివారియొద్దకు పొమ్మని పంపెను. రోగిని మరల ఇంటివారితో కలుపుట కంటె సోషల్ వర్కరు కోరునది ఏమున్నది?

మూడవ సాకు: "ఇంటి గుట్టు బయట పడును." ఇది చెప్పువారు ఎవరు? శుక్రవారపు ఉపవాస కూటములో మైకు ముందర నిలువబడి, "ఫలాని సహోదరి కుమార్తెకు మతి చెదిరినది, ప్రార్థించుడి" అని ఊరి చివరనున్న టీ కొట్టు వరకు వినిపించువారు! ఆ పిల్లకు పెండ్లి సంబంధములు తప్పిపోవుట ఆ మైకు వలన గదా? చదువుకొన్న సోషల్ వర్కరు రోగి మాటను ప్రాణాపాయము వంటి సందర్భములలో తప్ప బయట పెట్టరాదు. తన వ్యాధి సంగతి గోప్యముగా ఉండు హక్కును చట్టము రోగికి ఇచ్చెను. గుట్టు దాచుటకు బద్ధుడైనవాడు ఆయన. మనము దేనికి బద్ధులము?

నాలుగవ సాకు: "మా పాస్టరుగారు ఉన్నారు గదా." ఉన్నారు, దేవుడు వారిని దీవించును గాక. నాలుగు గ్రామములకు ఒక్క కాపరి. సైకిలు పోయి మోటారు సైకిలు వచ్చినను దినమునకు గంటలు పెరుగలేదు. ఆయన వేదము చదువుకొన్నాడు. ఈ విద్య చదువలేదు. పైగా కొట్టు భర్త సంఘపు పెద్ద అయినయెడల ఆయన భార్య ఏమని కాపరియొద్ద నోరు విప్పును? విప్పినను, "సహించు తల్లీ, నీ సహనము చేత అతడు రక్షింపబడును" అని పంపివేయుదురు. 2005లోనే గృహహింస చట్టము వచ్చినదనియు, రక్షణాధికారి అనువారు ఒకరున్నారనియు ఆమెకు చెప్పువారెవరు? తన హద్దు ఎరిగి, "అమ్మా, నేను నీ కొరకు ప్రార్థింతును, ఈ పని ఎరిగినవారియొద్దకు నీతోకూడ వత్తును" అను కాపరి తక్కువవాడు కాడు. ఆయనే సమరయుడు.

మన బెజవాడలోనే చూడుడి. దేవుడు లేడను గోరాగారి కుటుంబపు ఆదరణతో 1969లో ఆరంభమైన వాసవ్య మహిళా మండలి అర్ధ శతాబ్దమునకు పైగా బాధితులైన స్త్రీలకు అండగా నిలుచుచున్నది. రైల్వే స్టేషనులో దిక్కులేక దిగు బిడ్డల కొరకు సలేషియన్ ఫాదర్లు 1989 నుండి నవజీవన్ బాల భవన్ నడుపుచున్నారు. దేవుని ఎరుగమనువారు దారిలో ఆగుచుండగా, దేవుని ఎరిగితిమను మన గ్రామ సంఘములు ప్రక్కగా పోవుచున్నయెడల, ఆ కథలో మన స్థానమెక్కడ?

వెదకుట ఎట్లు?

ఇక పనిలోనికి వత్తము. అవసరము వచ్చిన రాత్రి వెదకువానికి దొరకదు. ముందుగానే వెదకి పెట్టుకొనవలెను.

మొదట ఫోను. 14416 అను నంబరు వ్రాసికొనుడి. టెలి మానస్ అను ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న ఆరంభమాయెను. రాత్రింబవళ్లు ఉచితము, తెలుగులోనే మాటలాడవచ్చును. మొదట శిక్షణ పొందిన కౌన్సెలరు వినును. అవసరమైనచో పై నిపుణులకు కలుపుదురు. "మా మండలమునకు దగ్గరలో సైకియాట్రిక్ సోషల్ వర్కరు ఏ ఆసుపత్రిలో ఉన్నారు?" అని సూటిగా అడుగుడి.

రెండవది, పెద్దాసుపత్రి. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నది. గుంటూరు పెద్దాసుపత్రి ఉండనే ఉన్నది. మచిలీపట్నములోను, ఏలూరులోను 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరచిరి. ఓ.పి. చీటీ తీసికొని, డాక్టరుకు చూపి, "ఇక్కడ సోషల్ వర్కరు ఉన్నారా? ఏ దినమున ఉందురు?" అని అడుగుట మరువవద్దు. మనము అడుగనియెడల వారు చెప్పరు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమని ఒకటి 1996 నుండి దేశములో నడచుచున్నది. దాని బృందములో డాక్టరుతోపాటు సైకియాట్రిక్ సోషల్ వర్కరు ఉండవలెనని నియమము. 2022 ఏప్రిలు 4 నుండి పాత కృష్ణా జిల్లా విడిపోయినది; మీ ఊరు ఏ జిల్లాలోనిదో చూచుకొని, ఆ జిల్లా వైద్యాధికారి కార్యాలయములో ఆ బృందమును గూర్చి విచారింపుడి. మీ వీధి ఆశా కార్యకర్తను అడిగినను దారి చూపును.

మూడవది, ఇంటిలో దెబ్బలు తిను స్త్రీకి 181. ఆ నంబరువారు జిల్లాలోని సఖి కేంద్రమును తెలుపుదురు. ఆపదలోని బిడ్డకు 1098. ఉచిత న్యాయసహాయమునకు 15100. ప్రాణము మీదికి వచ్చినప్పుడు 108.

ఇక బోర్డు చూచి మోసపోవద్దు. మూడు నెలల కోర్సు చేసినవాడును కౌన్సెలరే, ఎక్కడనో శాలువతోపాటు డాక్టరేటు కప్పుకొన్నవాడును కౌన్సెలరే! కూర్చుండక ముందు ఈ ప్రశ్నలు అడుగుడి. మీరు ఏమి చదివితిరి? ఎక్కడ చదివితిరి? ఏ ఆసుపత్రిలో, ఎవరి పర్యవేక్షణలో శిక్షణ పొందితిరి? మీ పేరు ఏ రిజిస్టరులో ఉన్నది? మేము చెప్పినది ఎవరికిని చెప్పరు గదా? ఫీజు ఎంత, రసీదు ఇత్తురా? నిజముగా చదివినవారికి ఈ ప్రశ్నలు కోపము తెప్పించవు. మందు ఆపివేయుమనువానిని, ఒక్క దినములో నయము చేసెదననువానిని, ఒంటరిగా ఆడపిల్లను రాత్రి ఉంచి పొమ్మనువానిని, అతడు పాస్టరైనను సరే, నమ్మవద్దు.

సంఘము చేయవలసినది

ఖర్చు మాట వచ్చును. ప్రభుత్వాసుపత్రిలో ఫీజు లేదు; కాని బస్సు చార్జీ ఉన్నది, ఆ దినపు కూలి పోవుట ఉన్నది. మన స్త్రీలు వంట చేయు ముందు పిడికెడు బియ్యము తీసి ప్రభువు కొరకు కుండలో వేయుదురు గదా? నెలకు ఒక వారపు బియ్యమును ఈ పనికి కేటాయింపుడి. సమరయుడిచ్చిన రెండు దేనారములు అవియే. కోతపండుగ కానుకలో ఒక భాగము తీసి, బాగుపడుచున్న రోగికి మందుల పెట్టె నిండుగా ఉండునట్లు చూడుడి.

పైన చెప్పిన నంబర్లను పెద్ద అక్షరములతో వ్రాయించి, గుడిలో క్యాలెండరు ప్రక్కన తగిలింపుడి. స్త్రీల సమాజమునుండి ఇద్దరిని, యౌవనస్థులనుండి ఇద్దరిని ఏర్పరచి, విజయవాడకో మచిలీపట్నమునకో పోయి, ఆసుపత్రిలో ఆ పని చేయువారిని చూచి, ముఖపరిచయము చేసికొని రమ్మనుడి. పంట పండుగ తరువాత వారిని గుడికి పిలిచి ఒక గంట మాటలాడనిండు. వారు ఏ మతమువారని అడుగవద్దు. పూటకూళ్లవాని మతమేదో ప్రభువు చెప్పలేదు.

జిల్లా బృందములో ఆ ఉద్యోగము ఖాళీగా ఉన్నయెడల ఊరకుండవద్దు. కలెక్టరు కార్యాలయములో సోమవారమునాడు అర్జీలు తీసికొందురు. గుడి స్థలపు తగాదాకు వంద సంతకములు సేకరింపగల మనము, ఈ పనికి ఇరువది సంతకములు చేయలేమా? నిమ్‌హాన్స్ వారు 2015–16లో 12 రాష్ట్రములలో చేసిన సర్వే ప్రకారము పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నది. రుగ్మతను బట్టి అట్టివారిలో నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్స అందనివారు. మన రాష్ట్రము ఆ 12లో లేదు గాని మన పల్లెలు వేరుగా ఉన్నవని ఎవరును ప్రమాణము చేయలేరు. అంత అవసరమునకు ఉన్నవారు చాలరు. కావున తెలివిగల మన బిడ్డలను అందరిని ఇంజనీరింగు వైపే తోలక, ఒకరిద్దరిని సోషల్ వర్కు చదివింపుడి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆ చదువున్నది. తమ తాతమ్మ బైబిలు స్త్రీగా నడచిన వీధిలోనే ఆ బిడ్డ మరల నడచును.

చివరగా ఒక్క మాట, ఇది అన్నిటికంటె బరువైనది. 2022లో మన దేశములో 1,70,924 మంది తమ ప్రాణము తామే తీసికొనిరని ప్రభుత్వపు లెక్క. వారిలో ప్రతివానికిని ఒక ఊరు ఉండినది. అనేకులకు ఒక గుడి ఉండినది. అట్టి ప్రయత్నము చేసి బ్రదికినవానిని తీవ్రమైన మనోవేదనలో ఉన్నవానిగా ఎంచవలెననియు, శిక్షింపరాదనియు, వానికి సంరక్షణ కల్పించుట ప్రభుత్వపు విధియనియు 2017 చట్టము చెప్పుచున్నది. లోకపు చట్టమే శిక్ష మానగా, కొన్నిచోట్ల మన పెద్దలు బ్రదికినవానిని బల్ల దగ్గరకు రానీయరు, చనిపోయినవాని పెట్టె మీద ప్రార్థన చేయనీయరు. ఈ కాఠిన్యము ఎక్కడనుండి వచ్చినది? పెట్టె ముందర తలుపు మూయుటకు మనము చూపు శ్రద్ధలో పదవ వంతు, మందు డబ్బా ముందర నిలిచిన దినమున చూపియున్నయెడల ఎందరు బ్రదికియుందురు!

యెరికో దారి మన ఊరి కాలువగట్టు మీదుగానే పోవుచున్నది. దాని ప్రక్కన నేడును ఎవరో పడియున్నారు. మోకాళ్లూని ప్రార్థింపుడి, లేచి, నూనెయు కట్టుబట్టయు తీసికొనుడి, తరువాత వానిని ఎత్తి, చేతనైనవాని యింటికి మోసికొనిపోవుడి. ఆ యింటి దారి ఈ వారమే తెలిసికొనుడి. ప్రభువు మీకు ఆ జాలిని, ఆ జ్ఞానమును అనుగ్రహించును గాక. ఆమేన్.